టిసోయ్‌కి షుగరొచ్చిన శుభవేళ

మొగుణ్ణి వేళకి ఇంటికి రప్పించే మందు ఇంకా ఎవరూ కనిపెట్టలేదని మీరనుకుంటున్నారు. పొరపాటు! ఎప్పుడో కనిపెట్టారు. దాని పేరు ముసలి కుక్క.

అయితే ఏ ముసలి కుక్క పడితే అది పనిచెయ్యదు. దానికి షుగరుండాలి. తుంటి కీళ్లు అరిగి ఉండాలి. కళ్లు కూడా కాస్త మసకబారాయంటే ఇంక ఆ ఇంటి అదృష్టం చెప్పనలవి కాదు!

నవ్వకండి. ఇల్లోయిలోలో మా వీధి చివరింటి నాంగ్ చోలెంగ్ సంసారాన్ని కళ్లారా చూసి చెబుతున్న మాట ఇది. మా ఊళ్లో వయసులో పెద్దవాళ్లని ఆడవాళ్లయితే నాంగ్ అనీ, మగవాళ్లయితే నోంగ్ అనీ పిలుస్తాం, అక్కా అన్నా అన్నట్టు. ఆ వరసన చోలెంగ్ వీధి మొత్తానికీ అక్కే.

ఆవిడది ఇబోస్ వ్యాపారం. లేత కొబ్బరాకు గొట్టాల్లో జిగురుబియ్యం, కొబ్బరిపాలు పోసి ఉడకబెట్టి, వేడివేడిగా పంచదారలో అద్దుకు తినే ఫలహారం అది. కోడి కూయకముందు పొయ్యి దగ్గర నిలబడితే మిట్టమధ్యాహ్నం దాకా నిలబడే ఉంటుంది. మొగుడు నోంగ్ ఇస్లావ్ జుట్టు తెల్లబడేదాకా జనాన్ని ఎక్కించుకునే జీప్నీ బండి నడిపాడు, మోలో పేట నుంచి బజారుకీ, బజారు నుంచి మోలోకీ. పగలల్లా ఒక్క మలుపు తప్పని మనిషి, సాయంత్రమయ్యేసరికి ఇంటి దారి మాత్రం రోజూ తప్పేవాడు. జీప్నీ అమ్మేశాక కూడా ఆ అలవాటు అమ్మలేదు. కోడిపందేలంటాడు, నేస్తం గోరియో ఇంట్లో కొబ్బరికల్లంటాడు, ఎవరింట్లోనో బారసాల, అక్కడ పాటల మెషీను. మైకు చేతికొచ్చిందంటే ఇంక ఆయన్ని పిలవడానికి ఫైరింజనే రావాలి.

చోలెంగ్ చెయ్యని ప్రయత్నం లేదు. తిట్టింది. ఏడ్చింది. మేరీమాతకి తొమ్మిదేసి రోజుల ప్రార్థనలు మొక్కుకుంది. ఒకసారి తలుపు గడియపెట్టి పడుకుంటే ఆయన వంటింటి కిటికీలోంచి దూరి, అన్నం గిన్నెలో కాలుపెట్టి, "అన్నం చల్లారిపోయిందే" అన్నాడు!

మేరీమాత వల్ల కానిది టిసోయ్ వల్ల అయింది.

టిసోయ్ వాళ్ల కుక్క. తేనెరంగు ఒళ్లు, సగం విరిగిన చెవి. పేరుకి కాపలా గాని, దాని అసలు ఉద్యోగం ఇబోస్ బుట్ట పక్కన కూర్చుని కొనేవాళ్ల మొహంలోకి దీనంగా చూడడం. వాళ్లు ఒక ముక్క తిని, ఇంకో ముక్క పంచదారలో అద్ది దాని నోట్లో పెట్టేవాళ్లు. ఏళ్ల తరబడి ఇంత శ్రద్ధగా ఉద్యోగం చేసినవాళ్లకి షుగరు కాక పింఛను వస్తుందా?

మొదట బకెట్లకి బకెట్లు నీళ్లు తాగింది. తర్వాత ఇల్లంతా ఉచ్చ పోసింది. ఆ తర్వాత మెట్టెక్కబోయి, వెనక కాళ్లు రామంటే అక్కడే కూలబడి, ఇస్లావ్ వైపు చూసి తోకాడించింది. ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తుకుని పశువుల డాక్టరమ్మ మరిజెల్ దగ్గరికి పరిగెత్తాడు.

"పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి. ముందు తిండి, ఆ వెంటనే సూది. ఒక్క పూట తప్పినా కుదరదు నోంగ్," అంది మరిజెల్.

"ఆదివారం కూడానా?"

"షుగరుకి ఆదివారం లేదు."

"కోడిపందేలున్న రోజు?"

టిసోయ్ ఆయన చెయ్యి నాకింది. అంతే, తీర్పు అయిపోయింది!

మర్నాడు ఇంకా ఎండ ఉండగానే ఇస్లావ్ గుమ్మంలోకి వచ్చాడు. చోలెంగ్ చేతిలో గరిటె జారిపోయింది.

"ఎవరు పోయారు?" అంది గుండె పట్టుకుని.

"ఎవరూ పోలేదే. టైమెంతయింది?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట ఆ ప్రశ్న ఆవిడ విన్నది అదే మొదటిసారి.

ఇంక గోరియో ఇంట్లో గొడవ మొదలైంది. ఆయనా పాత డ్రైవరే, ఇప్పుడు మోటారు ట్రైసికిల్ నడుపుతున్నాడు. "కూర్చో మిగో, కూర్చో నేస్తం! ఒక్క గ్లాసు!" అని ఆయన చెయ్యి పట్టుకుంటే ఇస్లావ్ విదిలించుకుని, "సూది టైమయింది," అని లేచేవాడు. ఎవరికి సూదో చెప్పేంత తీరిక కూడా లేదు పాపం! వారం తిరిగేసరికి ఇస్లావ్‌కి షుగరు ముదిరిపోయిందని వీధంతా పాకింది. ఆడవాళ్లు ఒక్కొక్కరూ కాకరకాయలు పట్టుకుని చోలెంగ్ దగ్గరికి రావడం, భుజం నిమరడం, నిట్టూర్చడం.

"ఆయనకి కాదమ్మా, కుక్కకి!" అని చెప్పీ చెప్పీ ఆవిడ నోరు నొప్పెట్టింది. కాకరకాయలు మాత్రం వెనక్కివ్వలేదు. పది రోజులు ఇస్లావ్ చేత అవే తినిపించింది. అవకాశం వచ్చినప్పుడు వాడుకోవాలి కదా!

చూశారా లాభాలు? సాగదీసే బారసాలల నుంచి, ఓట్లడిగేవాళ్ల మీటింగుల నుంచి, బావమరిది పాట నుంచి మర్యాదగా లేచి వచ్చేయడానికి ఇంతకన్నా గట్టి సాకు లోకంలో ఉందా? "మా కుక్కకి ఇన్సులిన్" అన్నాక ఆపగల మొనగాడెవడు?

ఇల్లు కూడా మారిపోయింది. టిసోయ్ కాళ్లు జారుతున్నాయని ఇస్లావ్ నేలంతా రబ్బరు చాపలు పరిచాడు. దాని తుంటికి గట్టినేల పడదని మందపాటి పరుపు తెచ్చాడు. రోజూ సాయంత్రం సూది అయ్యాక గుడ్డ వేణ్ణీళ్లలో ముంచి పిండి, దాని వెనక కాళ్లకి కాపడం పెట్టి, మెల్లగా రుద్దేవాడు. "నొప్పిగా ఉందా పాంగా? ఇక్కడా? ఇక్కడా పాంగా?" అనేవాడు.

మా భాషలో పాంగా అంటే బంగారం. పెళ్లయిన కొత్తలో చోలెంగ్‌ని అలాగే పిలిచేవాడు. తర్వాత తర్వాత ఆ పిలుపు అరిగి ‘హోయ్’ అయింది. చోలెంగ్ పొయ్యి దగ్గర నిలబడి ఆ కాపడం చూసేది. ఆవిడ మోకాలు కూడా ఏళ్లుగా నొప్పే. రోజూ చెబుతూనే ఉంది. "అమ్మో మోకాలు" అని లేచేది, "అమ్మో మోకాలు" అని కూర్చునేది. ఇస్లావ్ చెవికి అది గోడమీద బల్లి కూత లాంటిది. ఉంటుంది, వినపడదు.

వీధివాళ్లేం తక్కువ తిన్నారా? "టిసోయ్‌కి ఇవాళ షుగరెంతుంది నాంగ్? నడుస్తోందా? నిద్రపోయిందా?" అని అడిగి, ఇబోస్ పొట్లం తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. ఆవిడ నిద్రపోయిందో లేదో అడిగిన నాథుడు లేడు.

ఇక పెరట్లోకి దిగే మెట్ల సంగతి. మూడే మెట్లు, కానీ నిటారుగా ఉంటాయి. పట్టుకోవడానికి ఒక కర్ర పాతించమని చోలెంగ్ ఎన్నాళ్లనుంచో అడుగుతోంది. "చేద్దాంలే" అనేవాడు ఇస్లావ్. ఒక రోజు టిసోయ్ ఆ మెట్టు మీద తూలింది. తెల్లారేసరికి రంపం చప్పుడు! మధ్యాహ్నానికి మెట్ల మీద చెక్కల వాలుబాట తయారు. జారకుండా అడ్డపట్టీలు, పక్కన తాడు, చివర్లు నునుపుగా చిత్రిక పట్టి మరీ కట్టాడు.

చోలెంగ్ చేతిలో తడి బట్టల బేసిను పట్టుకుని ఆ వాలుబాట మీద మెల్లగా దిగింది. మోకాలు కిక్కురుమనలేదు. హాయి! సగం దూరం దిగేసరికి వెనకనుంచి కేక వినబడింది.

"హోయ్, చూసుకో! అది టిసోయ్ బరువుకి కట్టింది!"

ఆవిడ ఆగింది. బేసిను కింద పెట్టింది. వెనక్కి తిరిగి మొగుడి మొహంలోకి చూసింది.

"విరుగుతుందేమోనని కదా నీ బెంగ? నేను కాదు, చెక్క!"

"అబ్బే, నేనన్నది..."

"ఇన్నేళ్లుగా కర్ర పాతమని అడుగుతున్నాను. నేను నోటితో అడగడమే తప్పు. తోకాడించి ఉంటే పాతేవాడివి!"

ఆ తర్వాత ఆవిడ మాట్లాడడం మానేసింది. పూర్తిగా! అన్నం పెట్టేది, మాట పెట్టేది కాదు. ఇస్లావ్ కూడా బిగదీసుకున్నాడు. ఇద్దరూ టిసోయ్‌తో మాట్లాడేవాళ్లు, ఒకరికొకరు వినబడేలాగా. "టిసోయ్, కూరలో ఉప్పెక్కువైందని చెప్పు." "టిసోయ్, తినకపోతే లేచిపొమ్మని చెప్పు." రెండు కబుర్ల మధ్య టిసోయ్ అటూ ఇటూ తల తిప్పేది. షుగరుకి తోడు మెడనొప్పి కూడా పట్టుకునేదే పాపం.

మీరనవచ్చు, ఇదేం శుభం అని. కాస్త ఆగండి.

ఆ శుక్రవారం పెద్ద వాన పట్టింది. గోరియో బండెక్కి బజారుకెళ్లిన ఇస్లావ్, రోడ్డు మీద నీళ్లు నిలిచి ఇరుక్కుపోయాడు. ఆరయింది. మనిషి జాడ లేదు. చోలెంగ్ గడియారం వైపు చూసింది, కుక్క వైపు చూసింది. తానే కూరముక్కలూ చేపా కలిపిన అన్నం పెట్టి, అది తినడం అయ్యాక మొగుడు చేసే తీరులోనే మెడ వెనక చర్మం పైకి లాగి సూది వేసింది. తర్వాత పెరట్లో తడుస్తున్న కొబ్బరాకులు లోపలికి తెచ్చుకోవడానికి వెళ్లింది.

అప్పుడొచ్చాడు ఇస్లావ్, గోరియోతో కలిసి బండిని నీళ్లలోంచి తోసుకొచ్చి, నిలువునా తడిసి, రొప్పుతూ. ఆలస్యమైపోయిందన్న కంగారు. టిసోయ్ గిన్నె ఖాళీగా ఉంది. అమ్మయ్య, తిండి పెట్టింది అనుకున్నాడు. సూది వేశావా అని పెరట్లోకి ఒక్క కేక వేస్తే చాలు. కానీ ముందు తనే ఎందుకు మాట్లాడాలి? ఫ్రిజ్ తీశాడు, మందు ఎక్కించాడు, వేసేశాడు.

ఇద్దరూ అన్నానికి కూర్చునేసరికి టిసోయ్ పరుపు మీంచి లేచి నాలుగడుగులు తూలి గోడకి గుద్దుకుంది. కాళ్లు వణికాయి. పక్కకి పడి, గాల్లో ఈత కొడుతున్నట్టు కాళ్లు కొట్టుకుంది.

"టిసోయ్! ఏమైందే?" చోలెంగ్ కంచం వదిలేసి నేల మీదికి జారింది. "సూది వేశాను కదా, వేళకే వేశాను కదా!"

ఇస్లావ్ మొహం పాలిపోయింది. "నువ్వు వేశావా?"

"ఆరింటికి!"

"నేనూ వేశాను!"

వారం రోజుల మౌనం తర్వాత ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య జరిగిన మొదటి సంభాషణ ఇది.

ఫోనులో మరిజెల్ గట్టిగా చెప్పింది: "పంచదార పాకం చిగుళ్లకి రాయండి. గొంతులో పొయ్యకండి, పొరపోతుంది. రాస్తూనే ఇక్కడికి తీసుకురండి!" జబ్బు తెలిసిన రోజు నుంచి చోలెంగ్ టిసోయ్‌కి అందకుండా అటక మీద పెట్టిన పంచదార డబ్బా అది. ఆ మోకాలితోనే కుర్చీ ఎక్కి దింపింది. వేణ్ణీళ్లలో చిక్కగా కలిపి, వేలితో దాని చిగుళ్ల మీద రాస్తూ, "నాలిక తియ్యి నాన్నా, మెల్లగా నాకు" అంటూ ఏడ్చింది. గోరియో ట్రైసికిల్ మోకాటి లోతు నీళ్లలో పడవలా సాగింది. లోపల ఇస్లావ్ ఒళ్లో టిసోయ్ తల, చోలెంగ్ ఒళ్లో కాళ్లు. దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడుతూనే ఉన్నారు.

"నా తప్పే. అడగాల్సింది."

"నేను చెప్పాల్సింది. పెరట్లోనే ఉన్నానుగా."

"దీనికేమైనా అయితే..."

"నోరు ముయ్యి. కాదు, మూయకు! మాట్లాడుతూ ఉండు. నీ గొంతు వింటే అది కళ్లు తెరుస్తోంది."

గ్లూకోజు ఎక్కాక టిసోయ్ వణుకు తగ్గింది. కాసేపటికి తల ఎత్తి, అందరినీ చూసి, తోకతో బల్లని రెండు దెబ్బలు కొట్టింది. ఇస్లావ్ గోడ వైపు తిరిగి చొక్కాతో మొహం తుడుచుకున్నాడు, వాననీళ్లే అన్నట్టు.

మరిజెల్ ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టింది. "ఈ రాత్రి ఇక్కడే ఉంచుతాను. రేపట్నుంచి కొత్త మందు రాస్తున్నా. సూది పట్టుకునే ముందు ఒకరు ‘వేశావా’ అనాలి, రెండోవాళ్లు జవాబు చెప్పాలి. పొద్దునా సాయంత్రం. పోట్లాటలున్నా సరే."

"మరీ కోపం వస్తే?" అంది చోలెంగ్.

"వేశావా అని అరవండి."

ఇంటికి బయల్దేరబోతే చోలెంగ్ బెంచీ మీంచి లేవలేకపోయింది. కుర్చీ ఎక్కిన మోకాలు పట్టేసింది. ఒకసారి లేవబోయి మళ్లీ కూలబడింది.

"కాలికేమైంది నాంగ్?"

"మోకాలమ్మా. కొత్తదేం కాదు, ఏళ్లయింది."

మరిజెల్ ఇస్లావ్ వైపు తిరిగింది. "ఏ మోకాలు నోంగ్?"

టిసోయ్ ఏ కాలు ముందు పెడుతుందో, ఏ పక్కకి తిరిగి పడుకుంటుందో, వాన ముందు ఎంత కుంటుతుందో అడిగితే ఆయన నిద్రలో కూడా చెబుతాడు. ఇప్పుడు మాత్రం పెళ్లాం కాళ్లకేసి చూస్తూ నిలబడిపోయాడు.

"కుడి..." అన్నాడు. చోలెంగ్ మొహం చూసి, "కాదు, కాదు" అన్నాడు. మళ్లీ చూసి, "రెండూనా?" అన్నాడు.

తలుపు దగ్గర నిలబడ్డ గోరియో తల వంచుకుని దగ్గాడు. చోలెంగ్‌కి ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఎందుకో నవ్వొచ్చింది. ఆవిడ నవ్వుతుంటే ఇస్లావ్‌కి ఇంకా సిగ్గేసింది. దగ్గరికి వెళ్లి, టిసోయ్‌ని ఎత్తినట్టే ఆవిడ నడుం కింద చెయ్యి వేసి లేపి, ట్రైసికిల్ దాకా నడిపించాడు.

మర్నాటి నుంచి కొత్త రగడ. చోలెంగ్ పొయ్యి దగ్గరికి వెళితే వెనకే ఇస్లావ్. నీళ్లకి వెళితే వెనకే. నడుం వంచి, తల పక్కకి వాల్చి, ఆవిడ కాళ్లనే చూడడం.

"ఏంటా చూపు? వీధిలో వాళ్లు ఏమనుకుంటారు?"

"నడు. ఇంకోసారి నడు. అటు తిరిగి, మళ్లీ ఇటు."

"నేనేమైనా అందాల పోటీకి వచ్చానా?"

"మాట్లాడకు. మాట్లాడితే నాకు కనిపించడం లేదు."

టిసోయ్ ఇంటికొచ్చిన సాయంత్రం వేణ్ణీళ్ల గిన్నె, గుడ్డ పట్టుకుని వచ్చి నేల మీద కూర్చున్నాడు. "పాంగా, కాలు చాపు," అన్నాడు.

ఇద్దరూ చాపారు. చోలెంగ్ కుర్చీలోంచి, టిసోయ్ పరుపు మీంచి.

ముందు ఎవరికి కాపడం అన్న దాని మీద కాస్త వాదన జరిగింది. ఆ పూట చోలెంగే గెలిచింది. గుడ్డ కుక్క వాసన కొట్టింది. అయినా ఆవిడ ఏమీ అనలేదు.

తర్వాత ఇస్లావ్ ఆవిణ్ణి ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. వయసు మళ్లిన పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, "చెప్పమ్మా, ఏమిటి బాధ?" అన్నాడు. చోలెంగ్ నోరు తెరిచేలోగా ఇస్లావ్ అందుకున్నాడు.

"ఎడమ మోకాలు డాక్టర్. లోపలివైపు. పొద్దున లేవగానే బిగుసుకుపోతుంది, పొయ్యి వెలిగించేసరికి కాస్త సర్దుకుంటుంది. ఎక్కడం కన్నా దిగడం కష్టం. లేచేముందు బల్ల అంచు పట్టుకుని ఊపిరి బిగబడుతుంది. వాన వచ్చేముందు పెరుగుతుంది. రాత్రి కుడిపక్కకి తిరిగి పడుకుంటేనే నిద్ర. తిండి బాగానే తింటుంది. నీళ్లు మామూలే. కరవదు."

డాక్టరు రాస్తున్న కలం ఆగింది. "ఏమన్నారు?"

ఇస్లావ్ చెవులు ఎర్రబడ్డాయి. చోలెంగ్ ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

"ఇంతవరకూ కరవలేదు డాక్టర్," అంది.

టిసోయ్ సంగతంటారా? షుగరు అదుపులో ఉంది. ఒక కన్ను బాగా మసకబారింది. అయినా ఇబోస్ బుట్ట పక్కనే డ్యూటీ. ముక్క పెట్టబోయినవాళ్ల చేతి మీద చోలెంగ్ గరిటె పడుతుంది. పొద్దునా సాయంత్రం ఆరయ్యేసరికి వీధి చివరి నుంచి "వేశావా?" "వెయ్యలేదు, నువ్వు వెయ్యి!" అన్న కేకలు మా ఇంటి దాకా వినబడతాయి. వాటిని బట్టి మేం గడియారాలు సరిచేసుకుంటున్నాం.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా! మీ ఇంట్లో ఎవరైనా మోకాలు నొప్పి, నడుం నొప్పి అని రోజూ అంటూ ఉంటే దయచేసి ఆ మాటలు పట్టించుకోకండి. ఇంట్లోవాళ్ల మాట వినడం మన వల్ల అయ్యే పని కాదని ఎప్పుడో తేలిపోయింది. వాళ్లు నడుస్తున్నప్పుడు వెనక నుంచి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఊరికే చూడండి.

అంత తీరిక కూడా లేదంటారా? అయితే ఇవాళే ఒక కుక్కపిల్లని తెచ్చుకుని, రోజూ పంచదార పెడుతూ, ఓ పన్నెండేళ్లు ఓపిక పట్టండి!